వెనుక వరుస గిన్నె

పాయసంలో వేయడానికి మా కోడలు నల్ల ఎండుద్రాక్ష ఉడికిస్తోంది. ఆ పుల్లతీపి వాసన తగిలితే చాలు, నాకు రాహేలమ్మ అవ్వ పొయ్యి గుర్తుకొస్తుంది, వెంటనే కోపమూ వస్తుంది. కొడకండ్ల అవతల మా ఊరి క్రైస్తవ సంఘంలో నెలకోసారి ప్రభువు బల్ల, అంటే యేసు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఆ రోజు అందరూ తాగే ద్రాక్షరసం కాచేది అవ్వే. ఊరూరా నడిచి వాక్యం చెప్పిన మనిషి. బడి ముఖం చూడని నాకు బైబిలు మీద వేలు పెట్టించి అక్షరాలు నేర్పింది. మిగతా చదువు నేనే చదువుకున్నాను. దేన్ని చూసి ఊరుకోకూడదో మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మందిరంలో ముందు వరుసలు మా వాడవాళ్లవి. వెనుక చాపలు తండావాళ్లవి. మా గిన్నె ముందు వరుసల్లో నోటినోటికీ తిరిగేది. తండావాళ్లకు వేరే స్టీలు గిన్నె. ఎందుకని అడిగితే, వాళ్లింకా కొత్తవాళ్లనేవాడు సంఘపెద్ద ప్రకాశం. కొత్తేమిటి? వాళ్ల మనవళ్లకే బాప్తిస్మాలవుతుంటే! ఇదే ప్రకాశం తండ్రికి ఒకప్పుడు ఊరి హోటల్లో చూరు కింద వేరే గ్లాసు పెట్టేవాళ్లు. చాయ్ తాగి, కడిగి, బోర్లించి పోవాలి. మా నాయినా అందులోనే తాగాడు. ఆ గ్లాసు తప్పించుకోవడానికే కదా మావాళ్లు మందిరం మెట్లెక్కింది? ఎక్కి, ఆ గ్లాసునే లోపలికి తెచ్చుకున్నారు.

తెలంగాణ కోసం అన్నీ బంద్ పెట్టిన రోజుల్లో జనగామ రోడ్డు మీద వంటావార్పు చేశాం. నడిరోడ్డున పొయ్యిలు, అడ్డంగా ఎడ్లబండ్లు. తండా నుంచి మంగ్లి జొన్నరొట్టెలు తెచ్చింది. ప్రకాశం ఆమె చేతి రొట్టె తుంచి, ఆమె గిన్నెలోని కారమే అద్దుకుని తిన్నాడు. టీవీవాళ్లు వస్తే మేమంతా ఒక్కటేనని చెప్పాడు కూడా. పరలోకంలో విందు ఇట్లనే ఉంటదేమో బిడ్డా అని అవ్వ నాతో అని కళ్లు తుడుచుకుంది.

ఆ ఆదివారమే బల్ల. మళ్లీ రెండు గిన్నెలు బయటికి వచ్చాయి. అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది.

“ప్రకాశం, మొన్న మంగ్లి గిన్నెల అద్దుకొని తింటివి. గియ్యాల గీ గిన్నెకు ఏం మైలొచ్చింది?”

“అది ఉద్యమం అవ్వా. ఇది మందిరం. రెండూ కలుపుతవేంది?”

“రోడ్డుకున్న సిగ్గు మందిరానికి లేకపాయె.”

అంతే. వెనక్కి వెళ్లి మంగ్లి పక్కన చాప మీద కూర్చుంది. ముందు వరుసల గిన్నెలోనే మంగ్లి కూడా తాగి, అది తన నోటికి వచ్చేదాకా బల్ల తీసుకోనంది. నా కోసం నీకెందుకీ లొల్లి, నాకు అలవాటేనని మంగ్లి నచ్చజెప్పబోయింది.

“అలవాటైందనే నా ఏడుపు,” అంది అవ్వ.

ఆ తర్వాత ఆమె ద్రాక్ష కాచలేదు. పెద్దలు దుకాణం నుంచి షర్బతు సీసా తెచ్చి పని నడిపారు. బల్లకు దూరం కావడమంటే ఆమెలాంటి మనిషికి తనను తానే వెలివేసుకోవడం. అయినా ప్రతి నెలా వచ్చింది, చాప మీద కూర్చుంది, తాగకుండానే పోయింది. ఆమెను ఒప్పించాలని చూశారే గానీ గిన్నె మార్చాలని ఒక్కరూ అనలేదు.

ఆమె మంచం పట్టాక మందిరం పాస్టరు అయ్యగారు, ప్రకాశం గిన్నె పట్టుకుని ఇంటికే వచ్చారు. మంగ్లి ఆమె కాళ్లు పిసుకుతోంది. ముందు మంగ్లికియ్యమని అవ్వ వేలు చూపించింది. ఇంకా కుర్రవాడైన అయ్యగారు గిన్నె ఎత్తి, ప్రకాశం వైపు చూశాడు.

“ఆమెకు ఆదివారం ఇస్తం కదా అవ్వా,” అన్నాడు ప్రకాశం.

అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. బల్ల లేకుండానే పోయింది. సమాధి దగ్గర అదే ప్రకాశం, ఆమె మన సంఘానికి తల్లి అని ప్రసంగించాడు. నేను పిడికెడు మట్టి వేసి, ఆ మాటలు పూర్తిగా వినకుండా వచ్చేశాను.

రాష్ట్రం వచ్చింది. మందిరానికి టైల్స్ వచ్చాయి. ఇప్పుడు మనిషికొక చిన్న ప్లాస్టిక్ కప్పు. ఇగ అందరూ సమానమే, పంచాయితీ ఎక్కడిదంటాడు ప్రకాశం. ఒకరి ఎంగిలి ఒకరికి అంటకుండా చేసి దాన్ని సమానమంటున్నాడు! దేవుని ప్రజలంటే ఎవరి కప్పు వాళ్లు పట్టుకున్నవాళ్లా?

నేను చాప మీదే కూర్చుంటాను. నా కప్పు మంగ్లికిస్తాను. ఆమె సగం తాగి నాకిస్తుంది.

“పెద్దాయన సూస్తుండన్నా,” అంటుంది.

ప్రకాశం తల తిప్పుకునేదాకా ఆ కప్పును నేను పెదవుల నుంచి దించను.