వాడిక పాలు

తాండూరులో ఫ్లూ జ్వరం ఇల్లిల్లూ తిరిగిన ఏడు నేను బిడ్డతల్లినే గానీ నాకింకా చదువు రాదు. జ్వరమున్న ఇంటి సరుకు కొనవద్దని దండోరా వేస్తే విన్నాను.

మాకు పాలు పోసే ఆమె వెనక వాడలో ఉండేది. రోజూ బర్రెను మా వాకిట్లోకే తోలుకొచ్చి మా చెంబులోకే పిండేది. ఏళ్లుగా ఒకే మనిషి దగ్గర కొనడాన్ని మావైపు వాడిక అంటారు. ఆమె భర్త మంచం పట్టాడని తెలిసి మిగతా ఇళ్లవాళ్లు వాడిక మానేసి, హోటలుకు పోసే అతని దగ్గరకు మారారు. ఆమెకు మిగిలింది మేమే. మేమూ మానుకుంటే బర్రెను సంతకు తోలవలసిందే. మాకూ పాలు కావాలి. జ్వరపడి లేచిన మా బిడ్డ ఇంకేదీ మింగడం లేదు.

ఒక పొద్దున ఆమె వాకిలి బయటే ఆగింది.

"చెల్లె, నాకు గూడ ఒళ్లు కాలుతున్నది. నేను ముట్టుకుంటే నీ బిడ్డకు మంచిది గాదు. నువ్వే పిండుకో."

"నన్ను రానిస్తదా అక్కా?"

"రానియ్యది," అని నవ్వబోయి దగ్గింది.

దూడను విడిచినా బర్రె పొదుగులోకి పాలు చేపలేదు. పాలు పైకి ఎగబట్టి, తోకతో నా ముఖం మీద కొట్టింది. గడపలోంచి మా అత్త చూస్తున్నది.

"పిండుతున్నవా, దండం పెడుతున్నవా?"

బయటున్నామె తన గొంగడి తీసి గోడ మీద వేసింది. "గిది కప్పుకుంటే నేననుకుంటది. గని రాత్రంత గిండ్లనే దగ్గిన. ఒద్దంటే ఏమనుకోను, చెల్లె."

"అది కప్పుకుంటే ఇంట్లకు రాకు," అన్నది అత్త. "హోటలుకు పోసేటాయన తాన తెప్పిస్త."

ఎవరి మాటా కాదనే ఓపిక నాకు లేదు. గొంగడి కప్పుకుని కూర్చున్నాను. బర్రె ఒకసారి వెనక్కి వాసన చూసి చేపింది. పాలచెంబు గడప మీద పెడితే అత్త కొంగుతో పట్టుకుని తీసుకుపోయి పొంగేదాకా కాచింది. ఆ రోజు నుంచి నా పడక అరుగు మీదికి మారింది. బిడ్డ లోపలి నుంచి పిలిస్తే అక్కడి నుంచే పలికేదాన్ని.

పాలు పోసే ఆమె తేరుకునేసరికి నేను జ్వరపడ్డాను. గొంగడి వల్లనో, సంతలో తగిలిందో ఎవరు చెప్పగలరు? మానేసిన ఇళ్లు ఇంకా మానేసే ఉన్నాయి. ఆమె మళ్లీ తానే పిండడానికి వచ్చిన పొద్దున, అత్త రెండు చెంబులు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"రెండోది ఎవరికత్తా?" అని ఆమె అడిగింది.

"అరుగు మీద పడ్డది గదా, ఆ పెద్దమనిషికి."

ఆమె నా వైపు చూసి ఒంట్లో ఎట్లున్నదని అడిగింది. దగ్గు రాబోతే ఆమె మీద పడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను.