పాతగుడ్డ అడిగిన బావగారు

ఈ రోజు పొద్దున పెడనలో మా అద్దకాల పాకకు బందరు నుంచి ఒక టైలరు వచ్చాడు. నేను మంచి దుప్పట్లు తీసి చూపిస్తుంటే, ఆయన మాత్రం బల్ల మీద పరిచిన పాతగుడ్డ కావాలన్నాడు. కొత్త అచ్చు సరిగా పడుతుందో లేదో మేం దాని మీదే అద్ది చూసుకుంటాం. అంటే మా ఇంటి అచ్చులన్నీ అందులో ఉన్నాయి. వాటిని కాజేసే ఎత్తేనని నాకు అనుమానం వచ్చింది.

"అది అమ్మేది కాదండీ," అన్నాను.

ఇంతలో మా ఆవిడ మజ్జిగ తెచ్చి, "ఎండన పడి వచ్చారు, తాగండి అన్నయ్యగారూ," అంది.

ఆయన వెంటనే నా వైపు తిరిగి, "చెల్లెమ్మ ముఖం చూసైనా ఒక్క ముక్క ఇవ్వండి బావగారూ," అన్నాడు.

వరస కలిపేశాక కాదనలేక కోసిచ్చాను. మధ్యాహ్నం బస్సుకు మళ్లీ దిగాడు. దానితో కుట్టిన సంచి ఎవరో డాక్టరమ్మగారికి నచ్చిందట, అలాంటి గుడ్డే ఇరవై గజాలు కావాలట.

అచ్చం ఆ పాతగుడ్డలా రావాలని సాయంత్రం దాకా అద్దుతూనే ఉన్నాను. ఏ అచ్చు మీద ఏది పడిందో నాకే అంతు చిక్కలేదు. ఆయన ఎత్తుకుపోతాడని నేను కాపలా కాసిన పనితనం అసలు నా దగ్గరే లేదు!

"మీ బావగారినే అడగండి," అంటోంది మా ఆవిడ. ఆ అచ్చుల వరస ఆయనకు తెలిసే ఉంటుందని నా అనుమానం. అడగమంటారా?