ఆగని బండి మీద పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో మా మార్కాపురంలో మగపిల్లోడికి పిల్లనియ్యాలంటే చదువన్నా ఉండాల, బండన్నా ఉండాల. చదువుకీ నాకూ తొమ్మిదో తరగతిలోనే చెడింది (తప్పు దానిదేనని ఇప్పటికీ నా నమ్మకం). అందుకని బండి కొన్నా. కొత్తది కాదు. మెకానిక్ భాయ్ దుకాణం వెనకాల, కోళ్ళు గుడ్లు పెట్టుకునే మూల నిలబెట్టి ఉన్న రెండు పొగగొట్టాల పాత బండి. "తీస్కపో భయ్యా, నిన్నే గాదు, నీ పిల్లల్ని గూడా మోస్తాది," అన్నాడు భాయ్. పిల్లల సంగతి దేవుడెరుగు, ముందు పిల్ల దొరకాల గదా అనుకున్నా. మాది పలకల ఊరు. బడికి పోవడం మానేసిన నేను ఊరూరి బడులకే పలకలు వేసేవాణ్ణి. వెనక రెండు మూటలు కట్టుకొని యర్రగొండపాలెం, గిద్దలూరు, పామూరు, రోడ్డున్న చోటా లేని చోటా తిరిగేవాణ్ణి. పలకంటే రాయే గదా, అంత రాతిని మోసినా ఆ బండి ఏనాడూ నడుం నొప్పి అన్లేదు. ఒక్కటే గుణం. వేడి మీద ఆపితే అలిగి కూర్చునేది, చల్లారిందాకా ఎంత తన్నినా లేచేది కాదు. (మా నాయనా అంతే గనక నాకు కొత్తేం గాలేదు.)

చదువు అడిగి రెండు సంబంధాలు వెనక్కి పోయినాక, మా మేనమామ పద్ధతి మార్చినాడు. పిల్లోడి సంగతి ఎత్తడం మానేసి బండిని పొగడటం మొదలుపెట్టినాడు. వెలిగండ్ల దగ్గర పల్లెలో ఒక రైతు అది విని చెవి ఒగ్గినాడంట. ఆయనకు ఒక్కతే కూతురు. వాళ్ళ ఊరికి పొద్దున ఒక బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. "నాకు ఆస్తి వద్దు, చదువు వద్దు. నా బిడ్డను చూడాలనిపించి కబురు పెడితే పొద్దుగూకేలోపల తెచ్చి చూపించాల. అట్లాంటి బండి ఉంటే చెప్పు," అన్నాడంట. మా మామ రొమ్ము చరుచుకొని, "అది ఆగే బండే గాదు బావా," అని చెప్పొచ్చినాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకొని, మామను వెనక కూర్చోబెట్టుకొని బయల్దేరినా. ఆ పల్లె పొలిమేర దాటంగానే క్లచ్ వైరు పుటుక్కున తెగింది. గేరులో ఉన్న బండి దానిపాటికి అది పోతానే ఉంది. క్లచ్ లేకుండా నిలబెడితే ఇంజను ఆగిపోతాది, ఆగితే వేడి మీద మళ్ళీ లేవదు. మామకు చెప్తే చెవిలో గుసగుసలాడినాడు: "ఆపినావంటే ఈ సంబంధం గూడా పోయినట్టేరా. నేను దూకుతా. నువ్వు తిరుగుతా ఉండు, ఏదో ఒకటి చెప్తా." ఇంటి ముందు దూకి, కింద పడి, లేచి, పంచె దులుపుకొని, ఏమీ జరగనట్టు నమస్కారం పెట్టినాడు.

ఆ ఇంటి చుట్టూ సందు ఉండటం నా అదృష్టం. తిరగడం మొదలుపెట్టినా. మొదటి చుట్టులో అరుగు మీద పిల్ల నాయన లేచి నిలబడి, "ఏంది నాయనా, దిగవా?" అన్నాడు. "వస్తా మామా!" అని అరిచి సందులోకి పోయినా. వెనక నుంచి పిల్ల నాయనమ్మ, వాళ్ళ జేజి గొంతు: "ఇంకా పిల్లను చూడనే లేదు, అప్పుడే మామంటాడేంది వీడు!" రెండో చుట్టుకు మా మామ వాళ్ళకేదో సర్దిచెప్తాండాడు: "ఇంజన్లో కొత్త ఆయిలు పోసినాం బావా, కొంచేపు తిప్పాలంట." పిల్ల నాయన మంచోడు, నమ్మినాడు. ఎదురుచూసి ఎదురుచూసి, నేను కనపడంగానే అడిగినాడు.

"ఎంతవరకు చదివినావు?"

"తొమ్మిదీ!"

మళ్ళీ చుట్టు.

"పాసేనా?"

"కాలా!"

నిలబడి చెప్పాల్సొస్తే ఆ మాటను ఎన్ని వంకర్లు తిప్పేవాణ్ణో. బండి మీద అబద్ధానికి టైము లేదు. ఇంతలో జేజి, "తిరిగేటోడు పిల్లను ఎట్ల చూస్తాడే? బయటికి పిలవండి!" అని కేకేసింది. అట్ల నేను పిల్లను విడతలవారీగా చూసినా. ఒక చుట్టులో పచ్చ చీర. ఇంకో చుట్టులో చేతిలో టీ గ్లాసు. ఆ తర్వాత చుట్టులో నవ్వు ఆపుకుంటా కొరికి పట్టుకున్న పెదవి. టీ గ్లాసు అందుకుందామని చెయ్యి చాపితే, గ్లాసు అరుగు మీదికి, టీ నా ఇస్త్రీ చొక్కా మీదికి పోయినాయి. ఊళ్ళో పిల్లకాయలు వెనక పరిగెత్తుతాండారు, కుక్క ముందు పరిగెత్తుతాంది. అప్పటికే సగం ఊరు గోడలెక్కింది. ఈ సంబంధం కూడా సందులో కలిసిపోయిందనుకున్నా.

పచ్చ చీర వాకిలి దిగి రోడ్డు పక్కకొచ్చి నిలబడింది. నా ఎడమ చేతి కింద వేలాడే వైరును చూసినట్టుంది.

"ఆపితే ఏమైతాది?" అని అడిగింది.

చుట్టు తిరిగొచ్చి, వాళ్ళ నాయన వింటాండాడని తెలిసి కూడా, "మళ్ళీ లేవదు!" అన్నా.

ఇంకో చుట్టు. ఆ చుట్టంత పొడుగు దారి నేను ఏ ఊరికీ పోలేదు. నేను దగ్గరికి రాంగానే ఆ పిల్ల, "ఆపండి. నెడదాంలే!" అనింది.

నెట్టుకోండి అన్లేదు. నెడదాం అనింది. ఆపినా. బండి దగ్గి, వణికి, నిలబడింది. పిల్ల నాయన వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగినాడు (ఆయన వంతు వచ్చింది గదా). "ఆగే బండి గాదంటే విన్నా గానీ, ఇంతగా ఆగదనుకోలేదు నాయనా," అని ఎగాదిగా చూసి, "నా బిడ్డ నెడతానంటాంది. ఇంక నేను చెప్పేదేముంది? లోపలికి రా, చొక్కా ఉతుక్కుందువు," అన్నాడు. సాయంత్రం ఇంటిల్లిపాదీ నెట్టినారు. ఇంజను అందుకోంగానే మా మామ దాని వెనక పరిగెత్తిన పరుగు ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పెళ్ళైంది. పొద్దుగూకేలోపల తెచ్చి చూపిస్తామని ఆయనకిచ్చిన మాటను నేను నిలబెట్టుకున్నానంటే పొగుడుకున్నట్టైతాది. నిలబెట్టింది బండే. జేజికి బాగలేక, మనవరాల్ని చూడాలని కబురొచ్చిన రోజు ఒకటే వాన. బస్సుల్లేవు. కాన్పు దగ్గరపడిన మనిషిని వెనక కూర్చోబెట్టుకొని బయల్దేరితే, వాగుల దగ్గర కొత్త బండ్లోళ్ళు నిలబడిపోయినారు. ఇది నీళ్ళు తాగుతా, ఆవిరి కక్కుతా, పొద్దుగూకేలోపల తెచ్చి దించింది. జేజి కళ్ళు తెరిచి మనవరాలి చెయ్యి పట్టుకొని, "ఆ తిరిగేటోడు వచ్చినాడా?" అనిందంట. ఆ రాత్రి గడిచినాక పోయింది. ఆ బండికి నేను మొక్కింది ఆ ఒక్కసారే.

భాయ్ మాట పోలేదు, నా పిల్లల్ని కూడా మోసింది. వాళ్ళిప్పుడు బటన్ నొక్కితే లేచే బండ్లు కొనుక్కొని, "అమ్మెయ్ నాయనా, మ్యూజియమోళ్ళు కూడా తీసుకోరు," అంటారు. ఇప్పటికీ మేమిద్దరం వెలిగండ్ల పక్కకు దాని మీదే పోతాం. మా మామగారికి చూపు తగ్గినా ఆ డుగుడుగు వినపడితే చాలు, అరుగు మీద సర్దుకొని కూర్చుంటాడు. నేను ఆపకూడదు. అది ఆ ఇంటి పద్ధతి. పోయిన నెల కూడా భార్యను వాకిట్లో దించి చుట్టు మొదలుపెట్టినా. "ఎంతవరకు చదివినావు?" అన్నాడు. "తొమ్మిదీ!" "పాసేనా?" "ఇంకా కాలా మామా!" ముసలాయన బోసినోటితో నవ్వుతాండాడు, నా నడుం పట్టేసింది, దిగాలంటే దారి కనపడ్లేదు. మోకాళ్ళ నొప్పులతో వాకిలి పట్టుకొని నిలబడిన మనిషి అప్పుడనింది, "ఆపండి. బండి లేస్తాది గానీ మీరు లేచేట్టు లేరు. నెడదాంలే."