గుట్ట వెనక పొగ

మ్యూజియంలోని ఆ గుండ్రటి గది గోడల చుట్టూ ఒకే యుద్ధం బొమ్మ. ఎటు తిరిగినా కత్తులు, ఏనుగులు. బెదిరిపోయిన నా నాలుగేళ్ల పాప చేవెళ్ల బస్సెక్కాక కూడా నన్ను వదల్లేదు, నీళ్లు ముట్టలేదు. జ్వరం వస్తుందేమోనని నాకు ఒకటే భయం.

పక్క సీటు అవ్వ నన్నడిగి సంగతి తెలుసుకుని, పాప వైపు వంగింది.

"అందరు కొట్లాడుతుంటే బువ్వెవరు వండిన్రు బిడ్డా? పొగ కనబడలేదా?"

"గుట్ట ఎనక ఉన్నది," అంది పాప మెల్లగా.

"అగో, అది పొయ్యి పొగనే! ఆకలైతే అందరు కత్తులు పారేసి గాడికే ఉరుకుతరు."

పాప నవ్వి, నీళ్ల సీసా అందుకుంది. అవ్వ మొయినాబాద్‌లో దిగిపోయింది.

నిజానికి ఆ బొమ్మలోది ఫిరంగుల పొగ. అయినా మొన్న మళ్లీ ఆ గదిలోకి వెళ్లినప్పుడు, పాపకన్నా ముందు నేనే గుట్ట వెనక పొయ్యి కోసం వెతికాను.