నట్టు కింద రంగు

పాత లారీల సంఘంలో బండెక్కే ముందు చక్రాన్ని సుత్తితో తట్టి, ఆ చప్పుడును బట్టి నట్ల బిగువు కనిపెట్టేవాడు రెంచి మామ ఒక్కడే. ఆయన గోళ్లలో గ్రీజు గానీ, నోట్లో తిట్టు గానీ ఏనాడూ ఆరింది లేదు. లారీ మాకు దేవతతో సమానమని సంఘంవాళ్లు అంటే ఆయనకు ఒళ్లు మండుతుంది. తెల్లారితే సంఘం లారీలన్నిటికీ కొండదారి ప్రయాణం. మధ్యాహ్నం షెడ్డులోకి వచ్చి చూస్తే, బావమరిది ఆయన లారీ చక్రాలు ఊడదీసి, నట్లు ఆనే చోటుతో సహా మందంగా ఎర్రరంగు పూసి, మళ్లీ బిగించేశాడు.

"ఫోటోల్లో ధగధగలాడుతుంది బావా!"

"నీ మొహం! నట్టు కింద రంగు నలిగితే నట్టు వదులవుతుందిరా. మలుపులో చక్రం మనకంటే ముందే లోయలోకి దిగుతుంది. పక్క సీట్లో కూర్చునేది మీ అక్క!"

"అందరూ ఇలాగే వేశారు బావా."

"అందరూనా?"

మామ రెంచి, రంగు గీకే ఇనుపబ్రష్ పట్టుకుని విసవిసా బయటికి నడిచాడు. ప్రయాణానికి నిలిపిన లారీల వరసలో మొదటిది సంఘం అధ్యక్షుడిది. వంగి నట్టు విప్పడం మొదలుపెట్టాడు. అధ్యక్షుడు పరుగెత్తుకొచ్చాడు.

"ఎవర్నడిగి విప్పుతున్నావయ్యా?"

మామ తల ఎత్తకుండానే ఇనుపబ్రష్ ఆయన చేతిలో పెట్టాడు.

"అరిచే ఓపికుంటే గీకు."