కొంగ రంగు కోసం మామ పడ్డ తిప్పలు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, ఎప్పటిలాగే కెమెరా భుజాన వేసుకుని ఎదురింటికి వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. మంచం పక్కన కూర్చున్న అత్త నన్ను చూసి, "నిద్రలోనే పోయినాడబ్బా మీ మామ" అంది.

ఆయన నాకు చుట్టం కాదు. ధర్మవరంలో జీవితమంతా పట్టుచీరలు అమ్మిన మనిషి. ఎదురింట్లో ఉన్నందుకు మామ అయ్యాడు, అంతే. నేను బడిలో లెక్కలు చెబుతాను. పిట్టల ఫోటోలు తీయడం నా పిచ్చి. దుకాణం కొడుక్కి అప్పజెప్పాక ఏమీ తోచక ఒకరోజు మామ నా వెంట చెరువుకు వచ్చాడు. నీళ్ల అంచున ఎర్రకాళ్ల కొంగలు దిగి ఉన్నాయి. తెల్లని ఒళ్లు, నల్లని రెక్కలు, పసుప్పచ్చని ముక్కు, తోక దగ్గర మాత్రం లేత గులాబీ. ఆ గులాబీ చూసి మామ అక్కడే నిలబడిపోయాడు. అలాంటి రంగు చీర తన చేతికి ఒక్కటీ రాలేదని ఇల్లు చేరేదాకా వాపోయాడు.

ఆ రంగు అత్తకు చూపించి తీరాలని ఆయన పట్టు. అత్తకు మోకాళ్ల నొప్పులు. ఆటోలో పోదామంటే, కొంగల్ని చూసేందుకు ఆటో ఎక్కితే వీధంతా నవ్వుతుందని మొండికేసేది. నా ఫోటోలు చూపిస్తే, ఫోన్లో అన్నీ మెరుస్తాయని కొట్టిపారేసేది. ఆ మాట మామకు తెగ నచ్చింది. దుకాణంలో ఉన్నన్నాళ్లూ, చీర కొనడానికి వచ్చినవాళ్లను గడప బయటికి పిలిచి, వెలుతుర్లో కొంగు పరిచి చూపిస్తేగానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు.

"ట్యూబులైటు కింద ఏ రంగునూ నమ్మొద్దప్పా. ఎండలో చూసినాంకే మాట్లాడల్ల" అనేవాడు.

ఆ రంగునే అత్త దగ్గరికి తేవాలని, మరుసటి ఆదివారం నుంచి పట్టుపోగులకు గులాబీ రంగు వేయించి, కుచ్చులు కట్టి, సంచిలో తెచ్చేవాడు. నీళ్ల దగ్గర ఒక కన్ను మూసి, కొంగకు ఎదురుగా కుచ్చు పైకెత్తి పోల్చుకునేవాడు. సరిగ్గా నేను ఫోటో తీయబోయే క్షణంలోనే! కొంగ కాస్తా ఎగిరిపోయేది. నా దగ్గరున్న ఫోటోల్లో సగం వాటిలో కొంగ లేదు, మామ చెయ్యి ఉంది. కోప్పడితే, "కొంగ మళ్లా వస్తాది, ఈ ఎండ రాదు" అని నాకే పాఠం చెప్పేవాడు.

ఒకసారి హిందూపురం నుంచి పట్టు తీసుకుని వస్తూ, పెనుకొండ దగ్గర కిటికీలోంచి కొంగను చూసి బస్సు దిగేశాడట. దాని వెంట పడి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అంత కష్టపడి తేల్చిన రంగును అత్త చేతిలో పెడితే, బీట్రూటు కూరలా ఉందని తేల్చేసింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మామే. ఓడిపోయినప్పుడు అంత హాయిగా నవ్వే మనిషిని నేను మళ్లీ చూడలేదు. పిల్లలకు లెక్క తప్పినప్పుడు ఇప్పుడు నేను కసురుకోవడం లేదంటే అది ఆయన చలవే.

పోవడానికి ముందురోజు సాయంత్రం కొత్త కుచ్చు ఒకటి తెచ్చాడు. ఈసారి కుదిరిందని, పొద్దున్నే చెరువు దగ్గర తేల్చేద్దామని అన్నాడు. ఆ పొద్దున ఆయన లేవలేదు. రంగు కుదిరిందో లేదో తెలియకుండానే పోయాడన్నది నన్ను బాగా కలచివేసింది.

కర్మలన్నీ అయ్యాక ఒకరోజు అత్తే నన్ను పిలిచి ఆటో తెమ్మంది. వీధిలో నలుగురు చూస్తున్నా పట్టించుకోకుండా, ఆ కుచ్చు ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. ఆటో అతను మట్టిదారిలో నీళ్ల దాకా తీసుకెళ్లి ఇంజను ఆపేశాడు. కొంగలు ఉన్నాయి. అత్త కుచ్చును ఎండలోకి చాపి, కొంగను చూసి, మళ్లీ కుచ్చును చూసింది.

"రవ్వంత ముదురుగా ఉండాది. ఇంకొక్క వారం ఉండింటే పట్టేసుండేవాడు" అంది.

ఇద్దరం నవ్వాం, ఇద్దరికీ కళ్లు నిండాయి. ఎదురుగా ఒక కొంగ ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి, అడుగులో అడుగు వేస్తూ మావైపే వస్తోంది. అత్త సీటులో కాస్త పక్కకు జరిగి, మామకు చోటిచ్చినట్టు కూర్చుంది.