ఖాళీ గడిలో కొండకర్ల

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకంలో ప్రతి గడీ నిండి ఉండాలని నాకు గట్టి నమ్మకం. ఖాళీ కనిపిస్తే చాలు, ఏదో ఒకటి పెట్టి పూడ్చేయాలనిపించేది. ఇరవై రెండేళ్ల వయసు అలాంటిది కాబోలు. మా ఆఫీసు అనకాపల్లిలో ఒక బెల్లం కొట్టు మీది మేడగది. కింది నుంచి వచ్చే తియ్యటి వాసనకి మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు మూతలు పడేవి. నా ప్రోగ్రాముల్లో సగం ఆ మగతలో రాసినవే (ఈ సంగతి మా మేనేజరుకి ఇప్పటికీ తెలియదు, మీరూ చెప్పకండి). నలుగురమే ఉద్యోగులం. అచ్యుతాపురంలోని ఒక మందుల కంపెనీకి కార్మికుల బస్సుల కోసం యాప్ తయారుచేసే పని దొరికింది. ఎవరు ఏ స్టాపులో ఎక్కుతారో సర్వరు పంపుతుంది, డ్రైవరు ముందున్న ట్యాబులో అది కనిపిస్తుంది, బస్సు ఆ ప్రకారం వెళ్తుంది. ఇంతే. ఇంతకన్నా తేలికైన పని ఇంకోటి ఉండదనుకున్నాను.

చిక్కల్లా ఖాళీలతోనే వచ్చింది. కార్మికులు నింపి ఇచ్చిన కాగితాల్లో పేరుండేది, ఫోన్ నంబరుండేది, స్టాపు గడి మాత్రం చాలామంది వదిలేశారు. సర్వరు పాపం నిజాయితీగా 'ఇక్కడ ఏమీ లేదు' అని పంపేది. ఆ 'ఏమీ లేదు' చేరగానే నా యాప్ బెదిరిపోయి మూతపడేది. మేనేజరు ముందు మూడుసార్లు మూతపడింది. మూడోసారి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తుడవడం చూశాక నాకు ముద్ద దిగలేదు. మర్నాడు బెల్లం వాసనలో జోగుతూ ఒకే ఒక్క వరుస రాశాను: స్టాపు ఖాళీగా ఉంటే, జాబితాలో మొదటి స్టాపు వేసుకో. యాప్ మళ్లీ మూతపడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి కిందికి దిగి టీ తాగి వచ్చాను. కంపెనీ వైపు నుంచి రాసుకుంటూ వచ్చిన ఆ జాబితాలో మొదటి స్టాపు కొండకర్ల.

యాప్ మొదలయ్యే రోజే మా వదిన అదే కంపెనీ లేబులో ఉద్యోగంలో చేరే రోజు కూడా. మా ఇల్లు మునగపాక దగ్గర రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వచ్చే పల్లెలో. వదిన కెమిస్ట్రీలో డిగ్రీ చదివి, ఆరేళ్లుగా మా ఇంట్లో చారు రుచి మాత్రమే పరీక్షిస్తోంది. ఆ ఉద్యోగం కోసం ఆవిడ రెండేళ్లు అందర్నీ బతిమాలింది. అన్నయ్య ఎప్పుడో ఒప్పుకున్నాడు, అమ్మే ఆఖరిదాకా ఒప్పుకోలేదు. చివరికి "ఎల్లు. ఒక్కపాలి గేటు కాడ్నించి ఎనక్కొచ్చేవో, మరింక ఆ మాటెత్తకు" అని షరతు పెట్టింది. కంపెనీవాళ్లూ తక్కువేం కాదు. మొదటి రోజు గేటు వేశాక వచ్చినవాళ్లని తర్వాతి బ్యాచికి పొమ్మంటారు. ఆ బ్యాచి ఎప్పుడో దేవుడికే తెలియాలి.

నేను ఆఫీసు గదిలోనే పడుకుని, తెల్లవారకముందే అనకాపల్లిలో బస్సెక్కాను, ట్యాబు ఒళ్లో పెట్టుకుని. డ్రైవరుని అందరూ గేరు మామ అనేవారు. ఆలస్యమైనా, తొందరగా వచ్చినా, అసలు రాకపోయినా ఆయన చెప్పే కారణం ఒకటే: గేరు పట్టేసింది. ఆ రోజు నుంచి యాపులో ఉన్నచోటే ఆగాలని కంపెనీ ఆయనకి గట్టిగా చెప్పింది. మునగపాక దాటి, మా పల్లె మలుపు దగ్గర మామ అలవాటుగా స్టీరింగు తిప్పబోయాడు.

"యాపులో ఆ దారిన ఎవరూ లేరు మామా, నేరుగా పోనీ" అన్నాను.

"నిన్నటి దాకా ఉన్నోళ్లు తెల్లారీసరికి ఎటెల్పోనారు బాబూ?"

"రెండో బస్సులో వేసుంటారు."

మా వదినదీ రెండో బస్సే అయి ఉంటుందనుకున్నాను. (చూసుకోవచ్చు. ట్యాబు నా ఒళ్లోనే ఉంది. చూసుకోలేదు.) మామ నా వంక ఒకసారి, ట్యాబు వంక ఒకసారి చూసి బస్సుని ముందుకి పోనిచ్చాడు.

"కొండకర్లలో ఎక్కీది ముగ్గురే గదేటి? ఇరవై నలుగురంటాదేటి మీ యాపు?" అన్నాడు మళ్లీ.

"కొత్తవాళ్లు చేరారు మామా" అన్నాను గొప్పగా.

కొండకర్లలో ముగ్గురు ఎక్కారు. మిగతా ఇరవై ఒక్కమంది కోసం ఆవ గట్టు పక్కన బస్సాపి ఎదురుచూశాం (ఆవ అంటే అక్కడి పెద్ద మంచినీటి సరస్సు). నిజం చెప్పాలంటే ఆ పదిహేను నిమిషాలు నా జీవితంలో చాలా అందమైనవి. నీళ్ల మీద మంచు ఇంకా విడలేదు. తామరాకుల మధ్య ఎవరిదో దోనె చప్పుడు చేయకుండా పోతోంది. తెల్లటి పక్షులు ఒక్కొక్కటే ఎగిరి, మళ్లీ అక్కడే వాలుతున్నాయి. అవతలి గట్టు ఉందో లేదో తెలియడం లేదు. చల్లగాలికి నాకు మళ్లీ మగత కమ్మింది. ఆ ఇరవై ఒక్కమందీ క్యారేజీలు పట్టుకుని మంచులోంచి వరసగా నడిచొస్తున్నట్టు కూడా అనిపించింది. నేను పక్షుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ లెక్కా ఇరవై దాటింది.

అప్పుడు ఫోన్ మోగింది. వదిన.

"మరిదీ, మీ బస్సు రాదేటి? పంపుసెట్టు కాడ నాను, ఎక్కడోళ్లక్కడ మిగతావోళ్లు, అందరం నిలబడే ఉన్నాం. మీ అమ్మ గుమ్మంలోంచి సూత్తన్నాది."

ఎంతమంది అని అడిగాను. పక్కనున్నవాళ్లని అడిగి, దారి పొడుగునా ఇరవై ఒక్కమంది అంది. నా ఒంట్లో మగతంతా ఒక్కసారిగా దిగిపోయింది.

"స్టాపు ఎందుకు రాయలేదు వదినా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఇక్కడెవులూ రాయరట గదా! ఎక్కడ నిలబడతామో మామకి తెల్సు. తెల్సినోడికి మళ్లీ రాసీదేటి?"

అదీ అసలు సంగతి. ఆ పల్లెల్లో బస్సు ఒక స్టాపులో ఆగదు. పంపుసెట్టు దగ్గర ఒకరు, చర్చి మెట్ల దగ్గర ఇద్దరు, చెరకు తోట గట్టున ఇంకొకరు, ఎవరు ఎక్కడ నిలబడితే అక్కడే మామ ఆపుతాడు. ఏళ్ల తరబడి ఆ గడి ఖాళీగా వదిలేయడం వాళ్ల మర్యాద. వాళ్లు ఏమీ చెప్పకపోవడం కాదు, చెప్పాల్సిన మనిషికి ఎప్పుడో చెప్పేశారు. నేను మాత్రం వాళ్లందర్నీ తీసుకెళ్లి కొండకర్ల ఆవ గట్టున నిలబెట్టాను.

విషయం చెప్పి తల వంచుకున్నాను. మామ తిట్టలేదు. ట్యాబు తీసుకుని సీటు కింద పెట్టి, "ఇంక నువ్వు పడుకో బాబూ" అని బస్సు వెనక్కి తిప్పాడు. ఆ తర్వాత ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. మంచు వదలని దారిలో ఎక్కడెక్కడ ఆపాలో అక్కడక్కడ ఆపాడు, ఒక్కరూ మిగల్లేదు. వదిన ఎక్కి నా వంక చూడకుండా ముందు సీట్లో కూర్చుంది. చేతిలో సర్టిఫికెట్ల కవరు నలిగిపోయింది. అది చూసి నాకు బస్సులోంచి దూకేయాలనిపించింది.

మేం వెళ్లేసరికి గేటు సగం మూశారు. మామ బస్సుని ఆ సగంలోంచి సగం దాకా దూర్చి ఇంజను ఆపేశాడు.

సెక్యూరిటీ ఆయన కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు. "బండి తియ్యి! గేటెయ్యాల!"

"గేరట్టీసింది బావా" అన్నాడు మామ, దిగులుగా.

బస్సు కదలదు, గేటు పడదు. ముందు తలుపు లోపలి వైపునే ఉంది. అందరూ ఒకరి వెనక ఒకరు నింపాదిగా దిగి హాజరు వేయించుకున్నారు. ఆఖరుగా వదిన దిగి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి మామకి దణ్ణం పెట్టింది. మరుక్షణం గేరు వదిలింది.

వారం తర్వాత ఇంటికెళితే అన్నం తింటూ వదినే అంది: "మా లేబులో ఖాళీ గడి ఉంటే నీలాగ తోసింది రాసీయరు మరిదీ. అడ్డంగా గీత గీసి సంతకం పెడతారు. సూసేను, ఇక్కడేటీ లేదు అని." అమ్మ పక్కనే ఉండి, ఏమీ విననట్టు వదిన కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. నేను మర్నాడు ఆ ఒక్క వరుసా చెరిపేసి, ఖాళీని ఖాళీగానే చూపించడం యాపుకి నేర్పాను. స్టాపుల జాబితా చివర ఇంకో మాట కూడా చేర్చాను: 'మామకి తెలుసు'. మేనేజరు అదేమిటని అడిగి, నేను చెప్పింది విని, కళ్లజోడు తుడుచుకున్నారు. ఈసారి నవ్వుతూ.

గేరు మామ కిందటేడు పని మానేశాడు. కొత్త డ్రైవరు నక్కపల్లి వైపు మనిషి, ఈ దారులెరగడు. జాబితాలోంచి ఆ మాట తీసేద్దామని ఒకటి రెండుసార్లు కూర్చున్నాను గానీ చెయ్యి రాలేదు. ఇప్పుడు లేబులో పదిమందికి పెద్దయిన మా వదినతో సహా పల్లె మొత్తం ఇంకా అదే ఎంచుకుంటోంది. మొదటి వారం కొత్తాయన రోజూ ఫోన్ చేసి, "ఎవులికి తెల్సునండీ బాబూ?" అని నన్ను దులిపేసేవాడు. ఫోన్ పట్టుకుని ఆ తిట్లు వింటుంటే, మంచులో పక్షుల్ని లెక్కపెడుతూ కూర్చున్న కుర్రాడు కళ్లముందు కనిపించేవాడు. వాడి మీద కోపం రాలేదు, కాస్త ప్రేమే కలిగింది. రెండో వారం నుంచి ఫోన్ రాలేదు. ఆయనకీ తెలిసిపోయినట్టుంది.